ఉప్పుమడి పాట లేని క్యాసెట్

కృష్ణానగర్‌లో మేం కిరాయికుండే వరస గదుల్లో మా పక్క గది ఒక అక్కది. నా చిన్నప్పుడు నాకు వచ్చిన పాటలన్నీ ఆ గోడ అవతల నుంచి విని నేర్చుకున్నవే. అక్కది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి చర్చిలో గిటారు నేర్చుకుని, పాటల మీద ఆశతో హైదరాబాద్ వచ్చింది. సినిమా పాటల్లో కోరస్ పాడేది. తీరిక దొరికితే సొంత పాటలు రాసుకునేది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు పని చేస్తూ పాడుకునే పాటల నడక తీసుకుని, దానికి గిటారు, డ్రమ్ములు కలిపేది. అలాంటి ఎనిమిది పాటలతో తన మొదటి క్యాసెట్ వెయ్యడానికి శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న కంపెనీ ఒప్పుకుంది. అప్పటికి అక్కకి ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి.

ఎనిమిదింటిలో అక్క ప్రాణం ఒక్కదాని మీదే ఉండేది. వాళ్ళమ్మ ఉప్పుమళ్ళలో కూలికి వెళ్ళేది. "ఉప్పుమడిలో అమ్మ అడుగు, ఎండిపోతే తెల్లగవును" అని మొదలయ్యే పాట అది. క్యాసెట్‌కి పేరు కూడా 'ఉప్పుమడి' అనే పెట్టారు. ఒక్కో చరణం రాయగానే పదేళ్ళ నన్ను పిలిచి పాడించుకునేది. పిల్లల నోటికి ఎక్కితేనే పాట బతుకుతుందనేది. నా నోటికి బాగానే ఎక్కింది.

మా అమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక సంగీత దర్శకుడి ఇంట్లో వంట చేసేది. ఎండాకాలం సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేది. ఒకరోజు వంటింటి గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఆ పాట పాడుకుంటున్నాను. కాఫీ కోసం వచ్చిన సారు తలుపు దగ్గరే ఆగిపోయారు. మళ్ళీ పాడమన్నారు. పాడాను. హార్మోనియం ఉన్న గదిలోకి తీసుకెళ్ళి, చల్లటి కూల్‌డ్రింక్ ఇప్పించి, టేప్‌రికార్డర్ పెట్టి మూడుసార్లు పాడించుకున్నారు. మా పక్క గది అక్క పాట సార్ అని చెప్పాను. ఆయన అక్క పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన నా తల నిమిరారు. అంత పెద్దాయన నా పాట విన్నాడని ఆ రోజంతా నేను నేల మీద లేను. అక్కకి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. చెప్పకూడనిదేదో జరిగిందని పదేళ్ళ పిల్లకి కూడా లోపల ఎక్కడో తెలుస్తుందనుకుంటాను.

నాలుగు నెలలకు గల్లీ చివరి పాన్‌డబ్బా రేడియోలో ఆ బాణీ వినపడింది. కొత్త సినిమా పాట. అమ్మ అడుగు ఉన్నచోట అమ్మడి నడుము వచ్చి చేరింది. మిగిలిందంతా అక్కదే. ఆగే చోటు అక్కదే, విరుపు కూడా అక్కదే. అక్క చేతిలో పాల ప్యాకెట్ ఉంది. పాట అయిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆ పక్కనే ఉన్న నేను ఏడుపు ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాను. అక్క కొట్టలేదు, తిట్టలేదు. "సరేలే. ఇదే మాట రేపు కంపెనీలో చెప్తావా అమ్మా?" అంది. చెప్తానన్నాను.

ఆ సాయంత్రం అక్క మా గదికి వచ్చి మా అమ్మని అడిగింది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "తోల్కపో. పిల్ల అబద్ధమైతే చెప్పదు. గని నా పని పోతే మేం యాడికి పోవాలె బిడ్డా?" అంది. వద్దని అనలేదు. ఆ ఒక్క మాట అడిగి ఊరుకుంది.

మర్నాడు కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. యజమాని చెడ్డవాడేం కాదు. సినిమా పాట తనూ విన్నాడు, తల పట్టుకుని కూర్చున్నాడు. ఏది ముందు పుట్టిందో ఎవరు తేలుస్తారని అడిగాడు. సారు దగ్గర ఈ పాట పాడింది ఈ పిల్లేనని అక్క నన్ను ముందుకు తోసింది. నేను నోరు తెరిచేలోగా ఆయన ఫోన్ దగ్గరికి లాక్కుని, "నాకు సారు బాగా తెలుసమ్మా. ఫలానావాళ్ళ పాప ఇలా అంటోందని ఆయన్నే అడిగేస్తే పోయె. ఏ పాపా, మీ అమ్మ పేరేంటి?" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. తర్వాత నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దండీ, ఫోన్ చెయ్యకండి. నేనే ఎక్కడో విని రాసుకున్నాను. తప్పు నాదే" అంది.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ పని పోదు, నేను ఏమీ చెప్పక్కర్లేదు. ఆ ఆఫీసులో నాకు తట్టింది అంతే.

క్యాసెట్ అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి. మళ్ళీ వేయించడం కంపెనీ వల్ల కాలేదు. అట్ట మీద ఆ పాట పేరున్న వరుసను నల్ల సిరాతో కొట్టేసి, ఏడు పాటలతో క్యాసెట్ విడుదల చేశారు. పేరు మాత్రం 'ఉప్పుమడి' అనే ఉండిపోయింది. వినడానికి తీసుకున్నవాళ్ళు ఆ పాట ఏదని అడిగేవాళ్ళు. కాపీ కొట్టిన అమ్మాయన్న మాట ఫిల్మ్‌నగర్ దాకా పాకింది. కోరస్‌కి పిలవడం తగ్గించారు, ఆ తర్వాత మానేశారు. మా అమ్మ రెండుసార్లు కూర వండి అక్కకి పంపింది. రెండుసార్లూ అక్క తిని, గిన్నె కడిగి నా చేతికిచ్చింది. గిన్నె ఇచ్చేటప్పుడు నవ్వేది కూడా. ఆ నవ్వు చూడలేక నేను ఆ గుమ్మం వైపు వెళ్ళడం మానుకున్నాను. ఏడాది తిరగకముందే అక్క గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను బడికి వెళ్ళాను. వెళ్ళక తప్పని రోజేం కాదు.

మా అమ్మ ఇంకా పదేళ్ళు ఆ ఇంట్లోనే వంట చేసింది. నా చదువు ఆ వంటతోనే సాగింది. దసరాకి సారు నాకు బట్టలు పెట్టేవారు. నేను తీసుకుని దండం పెట్టేదాన్ని.

ఇప్పుడు సారు లేరు. అమ్మా లేదు. నిజం చెబితే పోయే కొలువు ఎవరికీ లేదు. మొన్న టీవీలో పాటల పోటీలో ఒక పిల్ల ఆ నడుము పాట పాడితే, జడ్జీలు లేచి నిలబడి సారుని తలుచుకున్నారు. మా అమ్మాయికి మొదటిసారి జరిగిందంతా చెప్పాను. అది ఫోన్‌లో వెతికి, "సారు పేరే ఉందమ్మా, ఆ అక్క పేరు ఎక్కడా లేదే" అంది. ఎందుకుంటుంది?

త్యాగం గొప్పదని ఆ రోజు నేర్చుకున్నానని చెప్పుకోవచ్చు. చాలామంది అలాగే చెప్పుకుంటారు. నేను నేర్చుకున్నది అది కాదు. నా బదులు ఇంకొకరు మాట పడుతుంటే మొదట నాలో లేచేది హాయి. యాభై దాటాను, ఇప్పటికీ అంతే. ఆఫీసులో పక్క సీటు మనిషి నా తప్పుకి చీవాట్లు తింటున్నా సరే, ముందు ఆ ఊపిరే వస్తుంది. అది గుర్తుపట్టి, సిగ్గుపడి, ఆ తర్వాత నోరు తెరుస్తాను. కొన్నిసార్లు తెరవను కూడా.