అప్పీలు తేలేదాకా మేం ఇక్కడివాళ్ళమే

గొడవ బహ్రెయిన్‌లో, రిఫాలోని మా ఫ్లాటు కింద, కార్లు పెట్టేచోట మొదలైంది. పై అంతస్తులో ఉండే ఒకతను తన కారు మా కారుకి అడ్డంగా పెట్టాడు. తీయమంటే మా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఈయన అతని భుజం పట్టుకుని పక్కకి జరిపారు. అతను తూలి పడ్డాడు, మణికట్టు బెణికింది. వెళ్ళి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు.

మా ఆయన అస్కర్ అనే ఊరి దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్‌గా చేరి సైటు మేనేజరయ్యారు. ఇరవై ఒక్క ఏళ్ళ సర్వీసు. కఫీల్, అంటే హామీ ఉండే యజమాని, అవసరం లేకుండా దీర్ఘకాలం ఉండే అనుమతి మాకు రెండేళ్ళ కిందటే వచ్చింది. అలాంటి మనిషి స్టేషన్లో మర్యాదకి "గలతీ హో గయా, భాయ్" అని, తప్పయిందన్నారు. దాన్నే నేరం ఒప్పుకున్నట్టు అరబ్బీలో రాసుకున్నారు. ఏం రాశారో చదవలేకపోయినా ఈయన సంతకం పెట్టి వచ్చారు. కింది కోర్టు జరిమానా వేసింది, దాంతోపాటు దేశం నుంచి పంపేయమంది.

మహూజ్‌లో ఒక లాయరమ్మని పట్టుకున్నాం. ఆవిడ హిందీలో నిదానంగా చెప్పింది.

"అప్పీలు వేశాను, తీర్పు అమలు ఆపించాను. అది తేలేదాకా మిమ్మల్ని ఎవరూ పంపలేరు. మీ ఇంట్లో మీరుండొచ్చు, ఆస్పత్రికి వెళ్ళొచ్చు. కోర్టులో మీ భాష తెలిసిన మనిషి కావాలని అడగొచ్చు. కోర్టు స్టాంపు వేసిన ఈ కాగితం ఎప్పుడూ దగ్గరుంచుకోండి. దేశం దాటి మాత్రం వెళ్ళకండి."

కోర్టు ఆగింది గానీ జనం ఆగలేదు. సంగతి తేలేదాకా డ్యూటీకి రావద్దంది కంపెనీ. ఎదురు ఫ్లాటులో ఉండే మా జిల్లా ఆవిడ ఒక సాయంత్రం వచ్చి, టీ తాగి, మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది.

"వదినగారూ, మీరు వెళ్ళేటప్పుడు ఆ వాషింగ్ మిషను ఇంకెవరికీ మాటివ్వకండేం."

"ఎక్కడికి వెళ్ళేటప్పుడండీ?"

"అదే... ఇండియాకి."

"మా బట్టలు ఇంకా అందులోనే ఉతుక్కుంటున్నాం. మీరిక వెళ్ళిరండి" అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూండగానే తలుపు వేసేశాను. లోపల్నుంచి మా ఆయన, "ఎందుకే అంత కోపం?" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా మండింది.

తర్వాతి వారం ఆయనకి కిడ్నీలో రాయి నొప్పి వచ్చింది. నిలబడలేక మెలికలు తిరిగిపోతున్నారు. క్లినిక్‌లో కౌంటరు అమ్మాయి ఆయన గుర్తింపు కార్డు చూసి వెనక్కి ఇచ్చేసింది.

"సిస్టంలో బ్లాక్ చూపిస్తోంది. మీ మీద ఆర్డరుంది కదా."

"అప్పీల్లో ఉంది. ఇదిగో కాగితం."

"సిస్టంలో అది రావట్లేదు మేడం."

నేను కాగితాన్ని కౌంటరు మీద పెట్టి అరచేత్తో నొక్కిపట్టాను. "సిస్టం చదవకపోతే నువ్వు చదువు. కోర్టు స్టాంపు ఇది. ఈ మనిషి ఇంకా ఇక్కడివాడే. మీ మేనేజరుని పిలువు" అని అరిచాను. కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. మా ఆయన నొప్పిలోనూ నా కొంగు పట్టి లాగుతున్నారు, ఊరుకోమని. మేనేజరు వచ్చి, కాగితం రెండుసార్లు చదివి, లోపలికి పంపించాడు. ఇంజెక్షను పడేసరికి గంట దాటింది. ఆ గంటని నేనిప్పటికీ క్షమించలేదు.

అప్పీలు విచారణకి లాయరమ్మ తెలుగు తెలిసిన మనిషిని అడిగి తెప్పించింది. తప్పయిందని ఎందుకన్నారని జడ్జి అడిగారు. మా ఆయన నిటారుగా నిలబడి, "మనిషి పడిపోతే మా వైపు అలాగే అంటామండీ. లేవడానికి చెయ్యి కూడా ఇచ్చాను" అన్నారు. ఆయన మాట కోర్టుకి సరిగ్గా చేరడం అదే మొదటిసారి.

రెండు వారాలకి లాయరమ్మ ఫోను చేసింది. జరిమానా అలాగే ఉంచి, పంపేయమన్న ఆర్డరు కొట్టేశారట. మా ఆయన ఫోను పెట్టేసి, చాలాసేపు మొహం కడుక్కుని వచ్చారు.

"అయిపోయిందిగా. ఇంకా ఎందుకలా ఉన్నావు?"

"మీకు అయిపోయింది. నాకు కాలేదు" అన్నాను.

ఆయన భోజనానికి కూర్చున్నారు. నేను గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టి వడ్డించాను. నా కోపం తన మీద కాదని ఆయనకి తెలుసు.