రెండో గాడి

ముప్పై ఏళ్లుగా ఇనుము కోసి అతికే పనిలో ఉన్నాను. నా కొలత తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు, ఒక్క మా తమ్ముడు తప్ప. అలాంటివాణ్ణి, ఒకే ఒక్క మోటార్ సైకిల్ ఉన్న మనిషికి రెండు మోటార్ సైకిళ్ల చోటు కట్టి కూర్చున్నాను.

సింగపూర్ తువాస్‌లో మా వర్క్‌షాప్‌కి ఆ చిన్న క్యాంపర్ ట్రైలర్ తెచ్చినవాడు టాంపినీస్‌లో ఉండే హైదరాబాదీ. కంప్యూటర్ ఉద్యోగం, మర్యాదస్తుడు. మా తమ్ముడితో కలిసి ఏళ్ల తరబడి మోటార్ సైకిళ్ల మీద మలేసియా రోడ్లన్నీ తిరిగాడు. ట్రైలరంటే మరేం లేదు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే గది. లోపల ఇద్దరు ఇరుక్కుని పడుకునే మంచం, ఒక స్టవ్, ఒక కిటికీ.

"ఇగ హైవే మీద బండి నడపుడు నాతోని గాదు భాయ్," అన్నాడు. "కొండల దాంక దీంట్ల ఏసుకొని పోత. ఆడ దింపి తిరుగుత. మళ్ల దీంట్లనే ఏసుకొని ఇంటికొస్త."

ఎందుకు కాదో నేనడగలేదు. మా తమ్ముడు పోయిన రోజు వాడి ముందు బండి మీద ఉన్నది ఇతనే.

పని మొదలెట్టాను. మంచం ఊడదీసి, గోడకి మడిచిపెట్టుకునే పలక బిగించాను. వెనక గోడ కోసి, కిందికి దించితే బండి ఎక్కించే వాలుబల్ల అయ్యేలా చేశాను. నేలకి వేసిన ప్లైవుడ్ మనుషుల్ని మోస్తుంది గానీ మోటార్ సైకిల్‌ని మోయదు, అందుకని అడుగున ఇనుప యాంగిల్స్ పరిచాను. ఆ పైన చక్రాలు కదలకుండా కూర్చునే గాడులు, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. చేస్తున్నంతసేపూ అది తప్పని తోచనేలేదు. తమ్ముడూ అతనూ మా వర్క్‌షాప్‌కి ఎప్పుడొచ్చినా జంటగానే వచ్చేవాళ్లు. నా చేతులు ఆ లెక్కే వేసుకున్నాయి.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కానీ ఆ రెండు వారాలూ తమ్ముడు ఆ ట్రైలర్లో ఉన్నాడు, అదీ పట్టపగలు. ముఖానికి వెల్డింగ్ అద్దం దించితే చాలు, నా వీపు వెనక ఎవరో గొంతుక్కూర్చున్నట్టు ఉండేది. బతికున్నప్పుడు సెలవు రోజున వచ్చి, ఆయిల్ డ్రమ్ము మీద కూర్చుని ఇక్కడివాళ్లు కోపీ అనే కాఫీ తాగుతూ, నేనేం అతికినా "వంకర అన్నా, వంకర" అనేవాడు. రసమట్టం ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు వెధవకి. ఇప్పుడూ అదే మాట, చెవి పక్కనే. అద్దం ఎత్తి చూస్తే పొగ, చెక్కపొట్టు. ఒళ్లు మండేది. భయం కూడా వేసేది, దాచడమెందుకు.

భయం వాడంటే కాదు, వాడు చేసిన ఫోనంటే. రెండేళ్ల కిందట ఓ ఆదివారం మధ్యాహ్నం, మలేసియా హైవే పక్కన బళ్లు ఆపుకునే చోటి నుంచి చేశాడు.

"అన్నా, నడుం పట్టేసింది. కళ్లు మూతలు పడతన్నాయి. లారీ తేగలవా? బండి ఎక్కించేసి నీ పక్కన నిద్దరోతా."

సరిహద్దు వంతెన మీద రద్దీ తలుచుకుంటే నాకు విసుగొచ్చింది. "లారీ ఏవన్నా మీ మావ కొనిచ్చాడా? కోపీ తాగి రా, రెండు గంటలే కదా," అన్నాను.

నవ్వాడు. "సరేలే అన్నా."

గంట తర్వాత ఫోన్ చేసింది ఈ హైదరాబాదీ. అద్దంలో వెనక బండి కనపడక తిరిగి వెళ్లి చూశాడట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ అనేది. తమ్ముడు నాకు ఫోన్ చేసిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. వాడి భార్యకి, అంటే మా మరదలికి, అసలే చెప్పలేదు.

పని అయ్యాక హైదరాబాదీ తన బండి తెచ్చి ఎడమ గాడిలోకి ఎక్కించాడు. ట్రైలర్ ఎడమకి ఒరిగింది.

"ఇంకోటి ఎవరి..." అని ఆగిపోయాడు.

ఒక్క బండే అయితే నడిమధ్యన ఉండాలి. బరువంతా ఒక పక్కనే ఉంటే మలుపులో ట్రైలర్ ఊగి కారునే లాగేస్తుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలిసిన సంగతి.

"పోనియ్ భాయ్, ఆ పక్కకి నీళ్ల డబ్బాలు పెట్టుకుంట," అన్నాడు, నా మనసు నొప్పించలేక.

"మా తమ్ముడి చోట్లో నీళ్ల డబ్బాలా?" అని అరిచాను. వర్క్‌షాపంతా తిరిగి చూసింది.

తర్వాత మూడు రోజులు గ్రైండర్ చేతిలోకి తీసుకోవడం, మళ్లీ కింద పెట్టేయడం. ఉంచితే ఇంకో మనిషి ప్రాణం మీదికొస్తుంది. కోసేద్దామంటే, ఆ రోజు తీసుకెళ్లని లారీకి బదులు నేను వాడికి ఇచ్చుకున్న చోటు అదొక్కటే. చెయ్యి రాలేదు.

నాలుగో రోజు చోవా చూ కాంగ్‌లో మరదలి ఫ్లాట్‌కి వెళ్లాను. టీ ఇచ్చింది. అది చల్లారిపోయాక ఫోన్ సంగతి చెప్పాను, నేనన్న మాటతో సహా. తిట్టినా, గెంటేసినా పడదామనే వెళ్లాను. ఆమె కప్పు నా వైపు జరిపింది.

"మీ తర్వాత ఆయన నాకు కూడా చేశారు బావగారూ," అంది. "'అన్న తిట్టాడు, ఇక్కడే రూమ్ తీసుకుని పడుకుని రేపొస్తానే' అన్నారు. 'రేపు నాకు మార్నింగ్ షిఫ్ట్, పాపని ఎవరు చూస్తారు, ఎలాగైనా ఈరోజే వచ్చేయండి' అన్నాను."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

"మీకు తెలిసిపోతుందేమోనని మీ ఇంటికి రావడమే మానేశాను," అంది.

ఆమె రాకపోవడం నా మీద కోపమని రెండేళ్లుగా అనుకుంటున్నాను. పెద్దవాణ్ణని కూడా చూసుకోకుండా ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది.

మర్నాడు ఆమే వర్క్‌షాప్‌కి వచ్చింది. కళ్లకి అద్దాలు ఇస్తే పెట్టుకుని గాడి అవతలి కొస పట్టుకుంది. కోశాను. మొదటి గాడిని నడిమికి జరిపి అతికాను. సాయంత్రం హైదరాబాదీ వచ్చి బండి ఎక్కించి పట్టీలు బిగించాడు. నేల మీద రసమట్టం పెట్టాను. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. వాళ్లిద్దరూ బయటికి నడిచారు. నేను మాత్రం లోపలే ఉండి చెవులు రిక్కించాను. బయట లారీలు పోతున్న చప్పుడే గానీ ఇంకేం లేదు.

"ఒక్కసారి వంకర అనరా," అన్నాను పైకే.