గ్రేడు గడిలో తొమ్మిది

స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజుల్లో నేను విజయనగరంలో ఒక ఆసుపత్రి రికార్డు రూములో గుమస్తాని. క్యాన్సరు రోగులు తెచ్చిన బయటి ల్యాబుల బయాప్సీ రిపోర్టులు చూసి ఫారాలు నింపడం నా పని. ఫారంలో గ్రేడుకి ఒక గడి ఉండేది. కణాలు మామూలువాటికి దగ్గరగా ఉంటే ఒకటి, బొత్తిగా అదుపు తప్పితే మూడు, ఆ మధ్యవి రెండు. రిపోర్టులో లేకపోతే తొమ్మిది, అంటే తెలియదని. ఊహించి రాయకూడదు.

గ్రేడు రిపోర్టు ఆఖరి వరసలో ఉండేది. మా వైపు రోగికి జబ్బు పేరైతే చెబుతారు గానీ అదెంత మొండిదో చెప్పరు. అందుకని ఇంట్లోవాళ్ళు ఆ వరస చింపేసి తెచ్చేవారు. కింది ముక్క ఏదని అడిగితే "ఎలకలు కొట్టేసినాయి బాబూ" అనేవారు. ఇంగ్లీషు చదివి, కావలసిన వరస మాత్రమే కొరికే ఎలకలు మా జిల్లాల్లోనే ఉన్నాయి. నేను అందరినీ కసిరేవాణ్ణి.

అంతలో సాలూరులో ఉండే మా అక్కకి రొమ్ములో గడ్డ వచ్చింది. రిపోర్టు నేనే తెచ్చాను. గ్రేడు మూడు. ల్యాబు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తరవాత రికార్డు రూముకి వచ్చి, స్కేలు పెట్టి ఆఖరి వరస చింపాను. ఎలకలకన్నా నీటుగా వచ్చింది. ఫారంలో తొమ్మిది వేశాను. మందులకి లొంగే రకమేనని అక్కకి చెప్పాను.

మొదటి కీమో రోజున అక్క నా బల్ల దగ్గర కూర్చుంది. పాతికేళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి, కాగితం కనబడితే తప్పులు వెతక్కుండా ఉండలేదు. తన ఫారం తీయించి చూసింది.

"ఈ తొమ్మిదేట్రా?"

"తెలీదని, అక్కా."

"నీకు తెల్దేటి?"

అక్క సంచిలోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. పూర్తి రిపోర్టు.

"ఆ రోజు నీ మొకం సూసి నానే ల్యాబుకెళ్ళి తెచ్చుకున్నాను. సరిగ్గా రాయి. నీ లెక్కలోకి రాని మనిసినేటి నాను?"

తొమ్మిది కొట్టేసి మూడు వేశాను. కొట్టివేస్తే పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. పూర్తి రిపోర్టు రోగి తెచ్చారని రాశాను. సిగ్గేసింది.

అక్క జిరాక్సు తన ముందుకి లాక్కుంది.

"ఆ స్కేలిలా ఇయ్యి. దీన్ని మీ బావకి సూపించాల."