రెండు బీడీలకు ఒక చెంచా

2022 వానాకాలం. హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాక, నిజామాబాద్ శివారులోని ఒక వసతి గృహానికి వారంలో నాలుగు రోజులు వెళ్తుండేదాన్ని. పుట్టుకతోనే తీవ్రమైన ఆరోగ్య సమస్యలుండి, పెద్దవాళ్లయినా ఒకరి సాయం లేకుండా బతకలేని పన్నెండు మంది అక్కడ ఉండేవారు. ఆ ఏటి నా డైరీలో వరుసగా ఇరవై పేజీలు ఒకే మనిషి గురించి ఉన్నాయి.

అతని పేరు సాయి. వయసు ఇరవై ఆరు. సెరిబ్రల్ పాల్సీ, అంటే పుట్టినప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు స్వాధీనంలో లేకపోవడం. దానికి తోడు ఫిట్స్. నడవలేడు, మాట్లాడలేడు. కావలసినవన్నీ కళ్లతోనే చెప్పేవాడు. తల్లి గంగామణి ఎడపల్లిలో బీడీలు చేస్తుంది. భర్త పోయి నాలుగేళ్లయింది. కొడుకును ఎత్తీ దించీ ఆమె నడుములో డిస్క్ జారింది. ఇంకా బరువు ఎత్తితే కాళ్లు పడిపోతాయని డాక్టర్ చెప్పాకే అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చింది.

చేర్చుకున్న రోజు పద్ధతి ప్రకారం అన్నీ అడిగాను. ఏ చెంచా వాడుతుంది, అన్నం ఎంత మెత్తగా ఉండాలి, తల ఎటు వంచాలి, ఏ మందు ఎప్పుడు. అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. చివరికి "ఎట్ల తినిపిస్తవ్?" అంటే మాత్రం నవ్వింది.

"ఎట్లేంది సిస్టరమ్మా, అందరు తినిపిచ్చినట్టే."

అదే రాసుకున్నాను.

మూడో రోజు నుంచి తినేటప్పుడల్లా దగ్గు. నా భయం ఆస్పిరేషన్ గురించి, అంటే కడుపులోకి పోవాల్సిన అన్నం ఊపిరితిత్తుల వైపు జారడం. ఇలాంటివాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. అన్నం ఇంకా మెత్తగా వండించాను. దిండు ఎత్తు మార్చాను. చెంచా మార్చాను. అయినా రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గాడు, ఒకసారి జ్వరం కూడా వచ్చింది.

"తిండి కోసం ముక్కులో గొట్టం వేయాల్సి వస్తే దాన్ని చూసుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. ఇంటికి పంపక తప్పదు" అన్నారు ఇన్‌ఛార్జి గారు. ఇంటికి అంటే, తిరిగి గంగామణి నడుము మీదికి.

ఆమెను పిలిపించాను. చేతులు కడుక్కొని, భోజనాల గదిలో కొడుకు ఎదురుగా కూర్చొని తినిపించింది. అయిదో చెంచాకు సాయి దగ్గాడు. మొహం కందిపోయింది. ఆమె గిన్నె కింద పెట్టేసింది.

"గిన్నేండ్లు నా చేతి బువ్వనే తిన్నడు. ఇడిసిపెట్టి పోయిన్నని కోపమొచ్చింది వానికి. తోల్కపోత సిస్టరమ్మా."

"మరి నడుమో?"

"నడుమేడ పోతది, ఆడనే ఉంటది."

ఆయా రుక్మిణిది కందకుర్తి. ఆమె నోరు ఊరుకోదు. "వాన్ని నువ్వు ఎత్తుకుంటే, నిన్ను ఎవలెత్తుకోవాలె అక్కా? నేనా?" అంది.

గంగామణి నవ్వలేదు. కొడుకు దగ్గు తగ్గేదాకా అతన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు నా దృష్టి ఆమె చేతుల మీద పడింది. ఆమెకు తెలియకుండానే వేళ్లు కొంగు అంచును చుడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ చుడుతున్నాయి.

"ఇంట్ల బీడీలు జేసుకుంటనే తినిపిస్తవా?" అని అడిగాను.

"మరి? వాని ముందల ఉత్తగ కూసుంటే నా పని ఎవలు చేస్తరు?"

"రేపు నీ బీడీల చాట తెచ్చుకో."

"ఈడికా? గంగామణి ఆశ్రమంల కార్ఖానా పెట్టిందంటరు!"

"తంబాకు తేకు. ఆకు, దారం చాలు."

మరునాడు వరండాలో చాట ఒళ్లో పెట్టుకొని, సాయి కుర్చీ పక్కన కూర్చుంది. తంబాకుకు బదులు ఆకు తుక్కే నింపింది. సాయికి ఒక చెంచా పెట్టింది. ఒక బీడీ చుట్టి దారం కట్టింది. ఇంకొకటి చుట్టింది. అప్పుడు గానీ రెండో చెంచా పెట్టలేదు. నేను గడియారం పట్టుకొని సాయి గొంతునే చూశాను. మొదటి బీడీ చుట్టేలోగా ఒక గుటక. రెండో బీడీ ముగిసేలోగా ఇంకో గుటక. గొంతులో మిగిలిన మెతుకులు ఆ రెండో గుటకతోనే దిగుతున్నాయి. మేము దానికోసం ఒక్కనాడూ ఆగలేదు. చేతులు ఖాళీగా ఉన్న రోజున కన్నతల్లి కూడా ఆగలేదు. గిన్నె ఖాళీ కావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఒక్క దగ్గు లేదు.

చూసింది చూసినట్టు ఆమెకు చెప్పాను.

"అంటే కోపం గాదా?" అంది.

"కాదు గంగామణీ."

కొంగుతో కొడుకు మూతి తుడిచింది.

అంతటితో పని కాలేదు. ఒక్కడికి పూటకు యాభై నిమిషాలైతే మిగతావాళ్లకు అన్నం పెట్టేదెవరు? ఇన్‌ఛార్జి గారి ప్రశ్న న్యాయమైనదే. దారి రుక్మిణి చూపింది. నెమ్మదిగా తినే ఇంకో ఇద్దరిని సాయి పక్కన కూర్చోబెట్టింది. ఒకరి తర్వాత ఒకరికి, ఎవరి చెంచాతో వారికి పెట్టుకుంటూ తిరిగి సాయి దగ్గరికి వచ్చేసరికి రెండు గుటకలూ అయిపోయేవి. "నవాబుసాబ్, అయ్యిందా?" అని గొంతు చూసి మరీ పెట్టేది. వారంలో దగ్గు పోయింది. నెలన్నరలో తగ్గిన బరువు తిరిగొచ్చింది. గొట్టం మాట మళ్లీ రాలేదు.

తర్వాత ఒక ఆదివారం గంగామణి వచ్చి, ఆత్రంగా చెంచా అందుకొంది. ఒకటి పెట్టి, వెంటనే ఇంకొకటి ఎత్తింది. రుక్మిణి ఆమె చెయ్యి పట్టుకొంది.

"ఆగక్కా. ఇంకో గుటకున్నది."

గంగామణి ఆమె మొహంలోకి చూసి, చెంచా ఆమె చేతికే ఇచ్చేసింది. ఎప్పుడూ ఆఖరి బస్సుదాకా కదలని మనిషి, ఆ రోజు మూడు గంటలకే "పోయొస్త బిడ్డా" అని కొడుకు తల నిమిరి లేచింది.

నా సర్వీసులో ఎందరో తల్లులను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. చేతులకు తెలిసినదంతా నోటికి తెలియదని ఆ వరండాలో తెలిసింది. ఆ తర్వాత ఏ తల్లి బిడ్డను తీసుకొచ్చినా ముందు కాగితం తీయలేదు. ఒక పూట ఆమె పక్కన కూర్చొని, ఆమె పని ఆమెను చేసుకోనిచ్చాను. పదవీ విరమణ తర్వాత ఇది నేర్పిన ఆ తల్లీకొడుకులిద్దరికీ రుణపడి ఉన్నాను.