నాయన వేసిన కుర్చీ

ఈ రోజు గురువారం. పొద్దున్నే ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నాయన వెన్నునొప్పికి ఇక వైద్యం ఖర్చు ఇవ్వరట. నాపబండల ఫ్యాక్టరీలో పని చేస్తుంటే బండ వచ్చి నడుము మీద పడింది. ఆపరేషన్ అయింది కానీ నొప్పి పోలేదు. చొక్కా తొడుక్కోవడానికి కూడా అమ్మ సాయం కావాలి. కారణం అడిగితే, "మా మనిషి వచ్చినప్పుడు ఆయన లేచి నడిచినాడు, కుర్చీ కూడా ఎత్తినాడు" అన్నారు.

నిజమే. మొన్న ఆ మనిషి ప్రొద్దుటూరులో మా ఇంటికి రాగానే నాయన గోడ పట్టుకుని లేచి, కుర్చీ తెచ్చి వేశాడు. అతను వెళ్లాక సాయంత్రం దాకా నేల మీదే పడుకుని ఉన్నాడు. అది చూడడానికి ఎవరూ రాలేదు.

అమ్మ ఊరుకోలేదు. "నీ నొప్పి చూసేదానికి వచ్చినోనికి కుర్చీ ఎత్తుకొస్తివి. ఇప్పుడు అనుభవించు."

"ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి, నేను పండుకోని మాట్లాడాల్నా?" అన్నాడు నాయన.

మర్యాద అనే మాట నాకు శానా ఇష్టం. ఈ రోజు దాని మీదే కోపం వచ్చింది. మీరైతే లేవకుండా ఉండేవాళ్లా, చెప్పండి.

రేపు పొద్దున మొదటి బస్సుకు స్కాన్లు తీసుకుని జమ్మలమడుగు ఆఫీసుకు పోతాను. నాయనను మాత్రం తీసుకుపోను. ఆఫీసరును చూస్తే అక్కడ కూడా లేచి నిలబడతాడు.