చంద్రుడు దూరమవుతున్నాడని చెల్లెలికి చెప్పాను

నా చెల్లెలి కొడుకు పై పెదవి చీలి పుట్టాడు. నోటి లోపల పైన అంగుడు కూడా చీలి ఉంది. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. తప్పెవరిదో ఆ పేరులోనే ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం పట్టినప్పుడు ఏదో చేసింది, అందుకే బిడ్డకిలా అయ్యింది.

నాది హిందూపురం. పెనుకొండలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను, రోజూ రైల్లో పోయివస్తాను. అదే లైన్లో ఇంకా ముందుకు పోతే ధర్మవరం. చెల్లెల్ని అక్కడ పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చాం. అత్త, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. చెల్లెలు పెద్ద కోడలు.

ఆ గ్రహణం సాయంత్రం పట్టింది. చంద్రుడు పైకి వచ్చేసరికే ఎర్రగా, మసిపట్టినట్టు ఉన్నాడు. నేను వీధిలో పిల్లల్ని మా మిద్దె మీదికి పిలిచి చూపించాను. అదే సమయంలో చెల్లెలు, ఏడో నెల కడుపుతో, తలుపులు మూసిన గదిలో వెల్లకిలా పడుకుని ఉంది. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. కదలకూడదు, గీరుకోకూడదు, గొంతు తడుపుకోకూడదు. అత్త గడప దగ్గర కూర్చుని కాపలా కాసింది. ఆమె దుర్మార్గురాలని నేను అనలేను. నొప్పిగా ఉందేమోనని కోడలి కాళ్ళకింద దిండు పెట్టింది ఆమే.

బిడ్డ పుట్టాడని ఫోన్ వస్తే సంతోషంగా బయల్దేరాను. ఆసుపత్రిలో ఎవరూ నా ముఖం చూడలేదు. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. అత్త మంచం పక్కనే నిలబడి అడుగుతోంది.

"ఆ పొద్దు ఏం ముట్టుకుంటివి? నిజం చెప్పు తల్లీ, నేనేం అనను."

"ఏమీ ముట్టుకోల్యా అత్తా. నీళ్ళు గూడా తాగల్యా. నువ్వు ఆడనే కూసోనుంటివి కదా."

"గీరుకుంటివా?"

చెల్లెలు ఇటు తిరిగింది. "నడుముకింద చీర ముడి గుచ్చుకుంటాంటే ఒగసారి సర్దుకున్న్యా."

అంతే. అత్త కళ్ళు మూసుకుంది. వెదుకుతున్నది దొరికిపోయింది.

నేను ఊరుకోలేదు. "అత్తా, పెదవి కలిసేది రెండో నెలలో. గ్రహణం పట్టేసరికి ఏడో నెల. అప్పటికే ఆ పెదవి అట్లనే ఉండాది," అన్నాను.

ఆమె నా మీద కోప్పడలేదు. "నువ్వు చదువుకున్న్యావు, నాకు తెలీదా. సరే, అయితే యాల వచ్చిందో నువ్వే చెప్పు," అంది.

నేను డాక్టరు చెప్పిందే చెప్పాను. కొందరికి ఇట్లా వస్తుంది, ఫలానా కారణమని చెప్పలేం. ఆ మాట ఆ గదిలో ఎవరికీ పనికిరాలేదు.

బిడ్డ కాస్త బరువు పెరిగితే ఆపరేషన్ చేస్తారని, పెదవి బాగవుతుందని చెప్పి పంపారు. అందాకా పాలు పట్టడమే కష్టం. చప్పరించలేడు. తల ఎత్తిపెట్టి స్పూనుతో కొంచెం కొంచెంగా పట్టాలి. చెల్లెలు పగలంతా అదే పనిలో ఉండేది. సగం పాలు ముక్కులోంచి వచ్చేవి. తుడిచి మళ్ళీ పట్టేది. పక్కగదిలో మగ్గం ఆడుతూనే ఉండేది. చుట్టుపక్కలవాళ్ళు చూడడానికి వచ్చి, బిడ్డను చూసి, తరవాత ఆమె చేతుల్ని చూసేవాళ్ళు. ఏ చేత్తో ముడి సర్దుకుందా అని.

వానాకాలంలో బిడ్డకు జలుబు చేసింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నారు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటే అనంతపురం బయల్దేరారు. దారిలోనే వాడు పోయాడు. బండి వెనక్కి తిప్పుకొచ్చారు.

చెల్లెలి మొగుడు ఏడ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. కానీ చెల్లెలితో మాట్లాడడం మానేశాడు. కొన్నాళ్ళు నా దగ్గర ఉంటుందని చెప్పి నేను హిందూపురం తెచ్చుకున్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ అడ్డు చెప్పకపోవడమే చెల్లెలికి ఎక్కువ గుచ్చుకుంది.

మా ఇంట్లో అది వంట చేసేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం తక్కువ. ఒక ఆదివారం పొద్దున నేను బడిలో చెప్పబోయే పాఠం చదువుకుంటున్నాను. ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ అడిగింది.

"ఏం పాఠమక్కా?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పాను. "చంద్రుడు మన నుంచి దూరం జరుగుతాన్నాడు. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు గూడా ఉండదు. గోరు పెరిగినంత."

అది చేతిలో కాయ పక్కన పెట్టింది. "యాల పోతాన్నాడు?"

దీనికి మాత్రం నా దగ్గర కారణం ఉంది. చంద్రుడి లాగుడికి సముద్రం ఉబ్బుతుంది. భూమి వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ ఉబ్బు చంద్రుడికంటే కొంచెం ముందుంటుంది, అతన్ని ముందుకు లాగుతుంది. అట్లా అతను పైకి జరుగుతాడు, భూమి తిరగడం మందగిస్తుంది. ఒకప్పుడు చంద్రుడు చాలా దగ్గరగా ఉన్నప్పుడు పగలూ రాత్రీ చిన్నవి. ముందు ముందు రోజు ఇంకా పొడుగవుతుంది. ఆటుపోట్లు తగ్గుతాయి. భూమి ఒరిగిన తీరు మారకుండా చంద్రుడు పట్టుకుని ఉన్నాడు. బాగా దూరం పోతే ఆ పట్టు సడలి, ఎండలూ వానలూ ఎప్పుడు ఎక్కడ పడతాయో తెలియని కాలం రావచ్చు.

"భూమి నిదానమయితాంటే మనకి తెలీదా?"

"తెలీదు."

"గ్రహణాలు?"

"సూర్యుణ్ణి పూర్తిగా మూసే గ్రహణం ఒకనాటికి ఉండదు. చంద్రుడు అంత చిన్నగా కనబడతాడు. చంద్రుడికి పట్టేది మాత్రం ఇంకా చాలాకాలం పడతానే ఉంటాది."

"ఎన్నాళ్ళకి?"

"కోట్ల ఏళ్ళు."

అది మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది. "అందాకా ఎంతమంది తల్లులుంటారో," అంది.

అది నా మాట నమ్మిందనే అనుకున్నాను. గ్రహణం నీడ మాత్రమేనని, నీ ముడి నీ బిడ్డను ఏమీ చేయలేదని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేది.

తరవాతి ఏడు దాని తోడికోడలు కడుపుతో ఉంది. మళ్ళీ గ్రహణం వచ్చింది. ఆ మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చాను. చెల్లెలు వంటింట్లో ఫోన్ పట్టుకుని మాట్లాడుతోంది.

"నూలు చీర కట్టుకో. ముడి ఈపుకింద పడకుండా చూసుకో. ఏది గుచ్చుకున్న్యా కదలద్దు. నేను కదిలిన్యా, నువ్వు కదలద్దు, నా మాట విను."

ఫోన్ పెట్టేదాకా ఆగి అడిగాను. "ఏం చెప్తాండావే? నీకు అన్నీ తెలుసు కదా?"

"తెలుసక్కా."

"మరి?"

"నువ్వు చెప్పేది నిజమయితే నా బిడ్డ ఊరికే పోయినట్ల. ఎవురూ ఏమీ చేయకుండానే, ఊరికే. నేను కదిలింటే, అదొగటన్నా ఉంటాది." గొంతు పెంచలేదు. "నాకు ఊరికే అనేది మొయ్యను చేతకాలేదు."



తోడికోడలికి ఆడపిల్ల పుట్టింది. పెదవి, అంగుడు, అన్నీ బాగున్నాయి. ఆ గదిలో కదలకుండా పడుకున్నందుకే అని వీధంతా అనుకుంది. అత్త ఫోన్ చేసి చెల్లెలికి చెప్పింది, పెద్ద మనసుతోనే చెప్పింది: "నీ మాట వినింది పిల్ల. నువ్వు చెప్పబట్టి బాగయ్యింది. ఇంటికి రా తల్లీ."

ఆ మాటతో అది పోవడానికి సిద్ధమైంది. నేను వద్దనలేదు. స్టేషన్ దాకా పోయాను. రైలు రావడానికి ఇంకా టైముంది.

"నువ్వు చెప్పిందంతా నిజమే అక్కా," అంది బెంచీ మీద కూర్చుని. "ఆడికి పోయినంక మాత్రం నేనేదీ చెప్పను. నువ్వూ వచ్చి చెప్పద్దు."

సరేనన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో అది మళ్ళీ మగ్గం పని చేస్తోంది. చిన్నపిల్లను ఎత్తుకోవడానికి ఇస్తారట, కానీ పాలు పట్టడానికి ఇంకా ఇవ్వరట.