ఇసక కుండలో సీసా

మా మావయ్య పోయారు. రంగూన్ చిమిండైంగ్ బజారులో చేపలు బేరమాడుతుంటే వాళ్ళ వీధిలోని సైకిల్ రిక్షా అతను నన్ను వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. చేప అక్కడే వదిలేసి అతని రిక్షాలోనే సంచౌంగ్‌లో మావయ్యగారింటికి వెళ్ళాను. ఏడుపు తర్వాత వచ్చింది. దారి పొడుగునా ఒకటే దిగులు, ఆ కుండలో సీసా సంగతి ఇక ఎవరు చూస్తారని.

మనిషి పోతే సీసా గురించి దిగులేమిటని మీరనుకుంటారు. మావయ్య తాగుబోతు కారు, అది ముందే చెప్పేస్తున్నాను. ఆయన మా అమ్మకి అన్న. మాది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. మావయ్య వయసులో ఉండగా ఓడల్లో వడ్డనపని చేస్తూ ఫ్రాన్సు రేవులన్నీ చూశారు. ఆ తర్వాత రంగూన్‌లో స్థిరపడి, బర్మా ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని, సేక్కాన్ రేవులో గుమాస్తాగా పనిచేశారు. అక్కడ క్రేన్ నడిపే స్నేహితుడు ఓడవాళ్ళ దగ్గర సంపాదించి ఎప్పుడైనా ఒక వైను సీసా తెచ్చేవాడు. పేరున్నవి మాదాకా ఎందుకొస్తాయి? కొర్బియేర్, గైయాక్, కఓర్ అంటూ మేమెవరం వినని తావుల ద్రాక్షలు, చవక సరుకు. మావయ్యకి అవే ఇష్టం.

"పేరున్న ఊరిదయితే పేరే సగం రుసి. పేరు నేని ఊరిదయితే నాలిక పెట్టి తెలుసుకోవాల. మనదీ అలాటి ఊరే కదేటి" అనేవారు.

సైనిక ప్రభుత్వం, అయిదుగురికి మించి ఒకచోట చేరితే నేరమన్న రోజులు. మేం నలుగురమే, మావయ్య, అత్తయ్య, క్రేన్ ఆయన, నేను. వైను చిన్న టీ గిన్నెల్లో పోసుకుని పక్కన టీ ఫ్లాస్కు పెట్టుకునేవాళ్ళం. చూసేవాళ్ళకి ఏదో చాయ్ తాగుతున్నారనిపించాలి. మావయ్య అందరి మొహాల్లోకీ చూసి, "నోటికి ఏటి తగిల్తే అదే సెప్పండి. నన్ను సూసి సెప్పకండి" అనేవారు. నాకు నేరేడుపండు తిన్నాక నాలిక పట్టేసినట్టుండేది. క్రేన్ ఆయనకి తడిసిన మోకు వాసన వచ్చేది. అత్తయ్య ఒకసారి మొహం చిట్లించి "బాలేదు" అంటే మావయ్య ఎంత సంతోషించారో! బయట మనసులో మాట అంటే కొంప మునిగే కాలం. ఉన్నదున్నట్టు చెప్పగలిగింది ఆ బల్ల దగ్గరే.

అసలు సంగతి బావది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. కాలేజీ చదువు మధ్యలో, ప్రభుత్వాన్ని ఎదిరించే ఊరేగింపులో ఉన్నాడని పట్టుకుపోయారు. మొదట్లో ఏ జైలో తెలిసేది. తర్వాత ఎక్కడికో మార్చారన్నారు, అంతే, కబురు లేదు. వాడొచ్చిన రోజు తాగుదామని మావయ్య ఒక సీసా దాచారు. దాచింది ఎక్కడ? పొయ్యి పైన అటక మీద! ఆ వేడికి ఉంటుందా? తీసి చూస్తే పులిసిపోయి ఉంది. అత్తయ్య అది అపశకునమని కుప్పకూలిపోయింది, కొడుక్కి ఏదో అయిపోయిందని.

మావయ్య అది పారబోసి వచ్చి, "ఇది సిన్న వైనే. ఆగదు. ఆగాల్సింది మనం. సీసా మార్చుకుందాం" అన్నారు.

ఆనాటి నుంచి అదే పద్ధతి. మెట్ల కింద కుండలో తడి ఇసక పోసి అందులో సీసా పూడ్చేవారు. కొత్త సీసా దొరకగానే పాతది పాడవకముందే తీసి, మేం నలుగురం రుచి చూసి, ఉన్నమాట చెప్పి, కొత్తది దాని చోట పెట్టేవాళ్ళం. అత్తయ్య రోజూ పొద్దున్నే ఆ ఇసక మీద చెంబుడు నీళ్ళు పోసేది. బావ ఎప్పుడొచ్చినా వాడికోసం మంచి సీసా ఒకటి ఉండాలి. ఇంతే ఆయన కోరిక.

ప్రభుత్వం పెట్టిన వార్డు పెద్ద ఇళ్ళ తనిఖీకి వచ్చినప్పుడల్లా మా పైప్రాణాలు పైనే పోయేవి. కొడుకు జైల్లో ఉన్న ఇంట్లో దొంగసరుకు దొరికితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కుండలో ఏముందని అడిగితే అత్తయ్య అల్లం నాటానంది. అప్పట్నించి వచ్చిన ప్రతిసారీ "మీ అల్లం ఇంకా మొలవలేదా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకిప్పటికీ తెలీదు. అతను వీధి మలుపు తిరిగాక మావయ్య మెట్ల మీదే కూచుని, "మొలుస్తాదిలే గుంటా" అనేవారు, నాతోనో తనతోనో.

ఈమధ్య క్రేన్ ఆయన పని మానేశాడు. ఓడలవాళ్ళు మారిపోయారు. సీసా మార్చి చాలాకాలమైంది. మంచం పట్టాక మావయ్య నన్ను పిలిచి, "వానలు పడేలోగా అది తీసీయండి. ఇంక ఆగదు" అన్నారు. "మరి దాని చోట ఏం పెట్టాలి మావయ్యా?" అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆయన పోయిన ఏడో రోజున బౌద్ధ భిక్షువులకి అన్నం పెట్టాం. ప్రాణం అప్పటిదాకా ఇంట్లోనే తిరుగుతుందని అత్తయ్య నమ్మకం. భిక్షువులు వెళ్ళాక తలుపేసి సీసా తీశాం. గిన్నెలు నాలుగూ పెట్టింది అత్తయ్య. క్రేన్ ఆయన ఒక గుక్క తాగి కళ్ళు తుడుచుకున్నాడు. "బావుంది. కానీ ఇదే ఆఖరు. రేపటికి ఉండేది కాదు" అన్నాడు. నిజమే, నాకూ అలాగే తగిలింది. పళ్ళ రుచి సగం పోయి, పులుపు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. అత్తయ్య మావయ్య గిన్నె తీసుకెళ్ళి, మా గంజాం ఆడవాళ్ళు అమ్మవారికి సాక పోసినట్టు, ఆ ఇసకలో పోసేసింది.

కొత్త సీసా కోసం సేక్కాన్‌లో తెలిసినవాళ్ళందరినీ అడుగుతున్నాను. ఇంకా దొరకలేదు. ఆ మాట చెప్పడానికి మొన్న పొద్దున్నే సంచౌంగ్ వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మెట్ల కింద అత్తయ్య వంగి, ఖాళీ కుండలో ఇసక మీద చెంబుతో నీళ్ళు పోస్తోంది.